మలుపు కర్ర

ఆ కర్ర పీకింది నేను. తిరిగి గుచ్చిందీ నేనే. ఈ రెండు మాటలూ నా నోట్లోంచి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చాక కూడా ఇంటి మనుషుల మధ్యే ఉండిపోయాయి తప్ప గోదావరి గట్టు దిగి ఊళ్ళోకి వెళ్ళలేదు.

పోయిన నెల మా మామగారి పదోరోజున రేవులో స్నానాలు చేస్తున్నాం. పక్కన పడవ కడుగుతున్న ఒకాయన ఇంకొకాయనతో అంటున్నాడు. "జన్మలో ఒక్కసారే తప్పాయండి ఆయన కాళ్ళు. అదీ కన్నకొడుకు దగ్గర." తలమీంచి నీళ్ళు కారుతుండగా విన్నాను. ఆ కన్నకొడుకు, అంటే నా బావమరిది, నా పక్కనే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వాడూ విన్నాడు. నావైపు ఒకసారి చూసి మళ్ళీ మునిగాడు. అందుకని రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. మా మామగారంటే నాకు ఇష్టం లేదు. ఆయనకి నేనంటే అంతకన్నా లేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు మెత్తబడడం మామూలు. నాకు మెత్తబడలేదు. ఆయన నోరు మంచిది కాదు, మనసులో పెట్టుకున్నది వదిలే మనిషి కాదు, పదిమందిలో మనిషిని నిలబెట్టి నవ్వించడంలో ఆయనకున్న సరదా అన్నంలో కూడా ఉండేది కాదు. ఇవన్నీ నిజమే. ఆయన కాళ్ళు తప్పలేదన్నది కూడా నిజమే. నాకు రెండో నిజం చెప్పడమే కష్టమైంది.

వాళ్ళది గౌతమి గట్టు కింద ఊరు. పొలం సగం గట్టుకి ఇవతల, సగం ఏటి మధ్య లంకలో. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట తలుపులు మూశాక దిగువన ఏరు ఎండిపోయి గట్టుకీ లంకకీ మధ్య ఇసుక తేలుతుంది. పడవ నడవదు, ఎడ్లబండి కూరుకుపోతుంది. మా మామగారి తండ్రి ఎక్కడో వేలంలో ఒక చిన్న మిలటరీ మోటారుసైకిలు కొనుక్కొచ్చి, మడ్‌గార్డులు పీకేసి, పొగగొట్టం పైకి వంపించి, ఆ ఇసుక మీద నడిపాడట. అరటిగెలలు తెచ్చుకోవడానికి మొదలైన పని. తరవాత తరవాత గెలలు లేని రోజున కూడా వెళ్ళడం మొదలెట్టారు. నేను ఆ ఇంటి అల్లుడినయ్యేనాటికి పెరట్లో కొబ్బరిచెట్ల కింద అలాంటి చిన్నబళ్ళు మూడో నాలుగో ఉండేవి. గుబ్బల టైర్లు, ఎత్తు హ్యాండిలు, దీపాల్లేవు, అద్దాల్లేవు. రోడ్డెక్కడానికి పనికిరావు. ఊళ్ళో వాటిని లంకబళ్ళు అనేవారు. ఎండాకాలం సాయంత్రమైతే ఆ ఇల్లు ఇల్లంతా ఇసుకలోనే ఉండేది. ముసలాయన మొదలు మనవల దాకా ఒకరి వెనక ఒకరు ఇసుక తిప్పలు ఎక్కి దూకడం, పడడం, లేచి నవ్వుకోవడం. పడ్డవాణ్ణి ఎవరూ లేపేవారు కాదు. బండిని లేపేవారు.

ఇసుకంతా ఒక్కలాంటిది కాదు. పైకి ఎండి తెల్లగా కనపడే చోట కింద నీరు నిలిచి జావలాగ ఉంటుంది. ముందు చక్రం అందులో దిగిందంటే మనిషి హ్యాండిలు మీంచి ఎగిరి పడతాడు. వరద వెళ్ళిన ప్రతి ఏడూ ఆ ఊబి చోటు మారుతుంది. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏరు ఎండగానే ఇంటి పెద్ద ఒక్కడే చెప్పుల్లేకుండా దిగి, గట్టినేల ఎక్కడుందో అరికాలితో చూసుకుంటూ, కొసన సున్నం పూసిన సరుగుడు కర్రలు వరసగా గుచ్చుకుంటూ లంక దాకా వెళతాడు. దాన్ని దారి గుచ్చడం అనేవారు. బళ్ళు ఆ కర్రలని ఆనుకునే నడవాలి. దారి వంపు తిరిగే చోట అన్నిటికన్నా పొడుగు కర్ర ఎర్రగుడ్డ కట్టి పాతుతారు. అది మలుపు కర్ర. గుచ్చినవాడు తప్ప ఇంకొకరు ఏ కర్రనీ ముట్టుకోకూడదు. పాలవాళ్ళు, ఇసుకలో పుచ్చపాదులు వేసేవాళ్ళు, ఊళ్ళో అందరూ ఆ కర్రల్ని నమ్మే ఏరు దాటేవారు. తండ్రి తరవాత దారి గుచ్చేది మా మామగారు. ఊళ్ళో ఆయన పరువంతా ఆ కర్రల మీదే నిలబడి ఉండేది. ఏరు ఎండే ఆ నాలుగు రోజులూ పంచాయతీ ప్రెసిడెంటుగారు కూడా ఆయన ఇంటికొచ్చి, దారి ఎప్పుడు పడుతుందండీ అని అడిగి వెళ్ళేవారు.

మనిషి పొట్టి. పాదాలు మాత్రం పెద్దవి, వేళ్ళు విసనకర్రలాగ విచ్చుకుని ఉండేవి. పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, ఒట్టికాలితోనే కిక్కు కొట్టేవారు. చెప్పులు కొనడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. భోజనం చేస్తున్నా, పేపరు చదువుతున్నా బొటనవేలు నేలమీద ఏదో వెతుకుతున్నట్టు కదులుతూనే ఉండేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పాత స్పార్కుప్లగ్గు. ఎవరిమీదైనా వెటకారం ఆడబోయే ముందు అది బయటికి వచ్చేది. తువ్వాలు కొసతో దాన్ని తుడుచుకుంటూ, అవతలివాడి ముఖం చూడకుండా, చాలా మర్యాదగా మొదలెట్టేవారు. ఆ ప్లగ్గు కనపడితే నేను లేచి వెళ్ళడానికి వంక వెతుక్కునేవాణ్ణి.

మా మధ్య గొడవ పెళ్ళిపీటల మీదే మొదలైంది. కాళ్ళు కడిగేటప్పుడు నా పాదం పళ్ళెంలో పెట్టుకుని, నీళ్ళు పోస్తూ, బొటనవేలితో నా అరికాలు నొక్కి చూశారు. తరవాత పురోహితుడితో, మా వైపువాళ్ళందరికీ వినపడేట్టు అన్నారు.

"బూరుగుదూదేనండి శాస్త్రిగారూ. ఈ కాళ్ళు ఎప్పుడన్నా నేలమీద పెట్టారంటారా?"

మండపమంతా నవ్వింది. మా అమ్మ నవ్వలేదు.

నాది రాజమండ్రిలో రిజిస్ట్రారాఫీసులో గుమస్తా ఉద్యోగం. ఆయన నన్ను ఊళ్ళో వాళ్ళకి పరిచయం చేసే పద్ధతి ఒకటుండేది. "మా అల్లుడుగారు ముద్ర గుద్దితే పదెకరాలు చేతులు మారతాయండి. కిక్కు కొడితే మాత్రం స్కూటరు కదలదండి." నా స్కూటరుని పీట అనేవారు. గుమ్మంలో అడుగుపెట్టగానే, పీట ఎక్కడ పెట్టారండీ, నీడన పెట్టండి, ఎండకి బీటలిస్తుంది, అనేవారు. తారురోడ్డు మీద నడపడం ఆయన దృష్టిలో నడపడమే కాదు. రోడ్డు మీద గేదె కూడా తిన్నగానే వెళుతుందనేవారు.

నేనూ తక్కువ తినలేదు. ఆఫీసులో ఆయన్ని ఇసుక జమీందారు అని పేరుపెట్టి నవ్వించేవాణ్ణి. అంతకన్నా పెద్దది ఒకటి చేశాను.

పెళ్ళయిన మొదటి వేసవిలో గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. కింద ఇసుకలోంచి ఒక బండి గట్టు వాలు ఎక్కి, గాల్లోకి లేచి, నా ముందు దుమ్ము రేపుకుంటూ ఆగింది. నడిపింది నా భార్య. చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది, పళ్ళ మీద ఇసుక, నవ్వుతోంది. పన్నెండో ఏటినుంచీ నడుపుతోందట. పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. నాకు నవ్వు రాలేదు. మావాళ్ళెవరైనా చూస్తే ఏమనుకుంటారోనని అనిపించింది. ఆ సాయంత్రం, ఇక వద్దు అన్నాను. ఆమె వాదించలేదు. తాళం తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టింది.

మర్నాడు ఆయన ఆ బండిని నూతి పక్కన నిలబెట్టి గోనెపట్టా కప్పారు. అప్పటినుంచి నేను ఎప్పుడు వెళ్ళినా సరిగ్గా ఆ గోనెపట్టాకి ఎదురుగా కుర్చీ వేయించి, అక్కడే నాకు కాఫీ ఇప్పించేవారు. ఏటేటా పట్టా పాతదయ్యేది, కొత్తది కప్పేవారు. కుర్చీ చోటు మారలేదు.

ఆ తరవాతి ఏడు నన్ను బలవంతాన తన బండి వెనక ఎక్కించుకున్నారు. ఏది జరిగినా కాళ్ళు కింద పెట్టకండి, అన్నది ఒక్కటే చెప్పారు. తిప్ప మీదికి ఎక్కి అవతలికి దిగేటప్పుడు బండి పక్కకి ఒరిగింది. భయపడి కాలు పెట్టాను. నేను ఇసుకలో పడ్డాను, బండి వెళ్ళిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూశారు, చూసి ముందుకే వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో ఒక చెప్పు పోగొట్టుకుని గట్టు దాకా నడిచి వచ్చాను. అప్పటికే ఆయన ఇంకో దారిన తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ప్లగ్గు బయటికి తీశారు.

"నడిచి వస్తారని తెలిస్తే దారిపొడుగునా పందిరి వేయించేవాణ్ణి కదండీ."

ఆ ఏటినుంచి నేను లంకకి వెళితే నడిచే వెళ్ళేవాణ్ణి. పంతం.

ఇక ఆ రోజు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. అందరూ ముంజలు తినడానికి లంకకి బయల్దేరారు. రాజమండ్రి నుంచి మా అమ్మ కూడా వచ్చింది. బావమరిది వెనక కూర్చుని, వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, సగం దూరం వెళ్ళాక కళ్ళు తిరుగుతున్నాయంది. మలుపు దగ్గర, ఎవరో వేసి వదిలేసిన పుచ్చపాదు పక్కన దించాడు. వెనకాల నడుచుకుంటూ నేను వచ్చేదాకా ఆగి, నీళ్ళసీసా ఇచ్చి, బావగారూ ఎండ తగ్గాక వచ్చి తీసుకెళతాను అని చెప్పి వెళ్ళాడు.

ఎండ మండిపోతోంది. పాదు కాపలావాళ్ళ పందిరి తాలూకు రాటలు మూడు మిగిలి ఉన్నాయి. నా దగ్గరున్న దుప్పటి మూడింటికీ కట్టాను. నాలుగో కొస గాలికి ఎగిరిపోతోంది. నాలుగు బారల దూరంలో మలుపు కర్ర కనపడింది. ముట్టుకోకూడదని నాకు తెలుసు. తెలియక చేశానని ఎక్కడా చెప్పుకోను. ఆయన కర్రయితే ఏమిటి, అదీ కర్రేగా, అనుకుని పీకాను. పీకేటప్పుడు కొంచెం సంతోషం కూడా వేసింది.

అమ్మ ఆ నీడన నిద్రపోయింది. ఎండ వాలాక దుప్పటి విప్పి కర్రని దాని చోట పెడదామని వెళితే అక్కడ కన్నం లేదు. పొడి ఇసుక, పీకిన వెంటనే పూడిపోయింది. చక్రాల జాడలు చూద్దామంటే పొద్దుటినుంచి పిల్లలు గుండ్రంగా తిప్పిన జాడలే అన్నివైపులా. వెనక కర్ర చూసి, ముందు కర్ర చూసి, ఉజ్జాయింపున గుచ్చాను. ఎర్రగుడ్డ సరిచేశాను. చుట్టూ చూశాను. అమ్మ లేచి కూర్చుని నావైపే చూస్తోంది.

లంకనుంచి మొదట బయల్దేరింది బావమరిది, మా అమ్మని ఎక్కించుకోవడానికే. పొద్దున్న వెళ్ళిన దారే. కాని ఆ ఇంట్లో జ్ఞాపకాన్ని నమ్మి బండి నడపరు, కర్రని నమ్మి నడుపుతారు. ఎర్రగుడ్డని ఆనుకుని, ఏమాత్రం జోరు తగ్గించకుండా తిప్పాడు. ముందు చక్రం కనపడకుండా పోయింది. బండి మనిషి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

రాజమండ్రి ఆసుపత్రి వరండాలో చుట్టాలు రకరకాలుగా అన్నారు. యానాం నుంచి సీసా తెచ్చి లంకలో తాగారట అని ఒకాయన మొదలెట్టాడు. మామగారికి మంచి చేస్తున్నాననుకున్నాడేమో. మా మామగారు మధ్యలోనే ఆపేశారు.

"వాడు చుక్క ముట్టలేదండి. కర్ర తప్పుచోట ఉంది. గుచ్చింది నేను."

బల్ల మీద కూర్చుని తన పాదాలు తను చూసుకుంటున్నారు. నేను స్తంభానికి ఆనుకుని అక్కడే నిలబడి ఉన్నాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా, ఒరేయ్ ఆ కర్ర, అంది. నీకు ఎండదెబ్బ కొట్టింది, ఇంటికెళ్ళి పడుకో, అన్నాను. ఆవిడ నా ముఖం కాసేపు చూసి చెయ్యి వదిలేసింది. పోయేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొదట భయం వల్ల చెప్పలేదు. రెండు మూడు రోజులకి భయం పోయింది. అప్పుడైనా చెప్పచ్చు. చెప్పలేదు, ఎందుకంటే నాకు బాగుంది. ఇసుక జమీందారు మొదటిసారి తల దించుకున్నాడు. జేబులోంచి ప్లగ్గు రావడం మానేసింది. నా స్కూటరుని ఎక్కడ పెట్టానని ఎవరూ అడగడం లేదు. అత్తవారింట్లో హాయిగా కాఫీ తాగడం అదే మొదలు.

బావమరిది ఆరునెలలకి లేచాడు, కొంచెం కుంటుతో. మళ్ళీ బండెక్కాడు కూడా. మరుసటి ఏడు ఏరు ఎండితే మా మామగారు గట్టు దిగలేదు. పాలవాళ్ళు వచ్చి అడిగితే, "నన్నడక్కండి. నా కాళ్ళు అబద్ధాలాడతాయండి" అన్నారు. ఆ మాట తరవాత అందరితోనూ అనేవారు. కొడుకు గునపంతో పొడుచుకుంటూ దారి గుచ్చడం మొదలెట్టాడు. ఈయన ఆలమూరు సంతకి వెళ్ళి రబ్బరు చెప్పులు కొనుక్కున్నారు. ఆ వయసులో మొదటి చెప్పులు. నడక రాలేదు వాటితో. తప్ తప్ మని ఒక చప్పుడు, ఆ చప్పుడు వింటే ఆయన వస్తున్నారని తెలిసేది. ఇంట్లో కూడా విప్పేవారు కాదు. బండెక్కినా వాటితోనే. మనవలు నవ్వితే తనూ నవ్వేవారు. ఆ నవ్వు మాత్రం నాకు బాగుండలేదు.

ఒకరోజు పొద్దున్నే నూతి దగ్గరికి వెళ్ళాను. ఆయన గోనెపట్టా పక్కన, గిన్నెలు కడిగిన నీళ్ళు పారి తడిసిన చోట, చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు. ఒక పాదం ముందుకి పెట్టి, కళ్ళు మూసుకుని, మడమ మీద బరువు వేసి, తీసి, మళ్ళీ వేస్తున్నారు. చదువు మర్చిపోయినవాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టుంది. నన్ను చూసి గబుక్కున చెప్పుల్లో కాళ్ళు దూర్చుకున్నారు.

"కాళ్ళు కడుక్కుంటున్నానండి" అన్నారు.

నేను అడగలేదు. ఆయన నాతో సంజాయిషీగా ఒక మాట చెప్పడం అదొక్కసారే. ఆ రోజునుంచి ఆ ఇంట్లో కాఫీ సయించలేదు నాకు. అయినా నోరు విప్పలేదు. విప్పకపోవడం కూడా అలవాటైపోతుంది.

చివరికి విప్పింది మంచితనం వల్ల కాదు. భయం వల్లే. మా అమ్మాయికి పన్నెండేళ్ళు వచ్చాయి. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నాకు తెలియకుండా తాతగారి దగ్గర కొబ్బరితోటలో బండి నేర్చుకుంది. ఆయన తన పాతబండినే సీటు తగ్గించి, పొట్టిదాన్ని చేసి దానికిచ్చారు. ఆ వేసవిలో, ఇసుక దాటతాను నాన్నా, అని నాతోనే చెప్పింది. వాళ్ళమ్మ కళ్ళు చూసి వద్దనలేకపోయాను.

పొద్దున్న గట్టు మీద అందరం ఉన్నాం. బావమరిది కిందటి రోజే గునపంతో దారి గుచ్చి వచ్చాడు. మా అమ్మాయి తాతయ్య చెయ్యి పట్టుకుని, నువ్వు గుచ్చు తాతయ్యా, అని అడిగింది. "నా కాళ్ళు అబద్ధాలాడతాయమ్మా. మీ మావయ్య గుచ్చాడుగా" అన్నారు. అది బండెక్కింది. కిక్కు కొట్టింది. బావమరిది ఇంకో బండి మీద, పక్కన ఇంకెవరో. ఇంజన్లు మోగుతున్నాయి. మా మామగారు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇసుకకేసి చూస్తూ తనలో తనే గొణుక్కున్నారు. "ఆ మలుపు కర్ర ఇంకొంచెం ఎడంగా..." అంతలోనే తల విదిల్చారు. "ఏమోలే. మనకెందుకు."

పక్కనే ఉన్నాను గనక నాకొక్కడికే వినపడింది. ఆయన తన మాట తను నమ్మడం లేదు. నమ్మకుండా మనవరాలిని పంపించేస్తారు. ఆయన కాళ్ళని నమ్మచ్చని భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అమ్మాయి చెయ్యి క్లచ్చి మీద ఉంది. ఆగమ్మా అని అరిచి ఆయన భుజం పట్టుకున్నాను.

"మావయ్యగారూ, మీరు దిగి చూడండి."

"చూశాం కదండీ ఒకసారి. మీ బావమరిది కాలడగండి."

"ఆ రోజు కర్ర మీరు గుచ్చిన చోట లేదండి. నేను పీకాను. మా అమ్మకి నీడ కట్టడానికి. మళ్ళీ నేనే గుచ్చాను."

ఆయన నా ముఖం చూడలేదు. నా చేతులకేసి చూశారు, చాలాసేపు. పెళ్ళైన నాటినుంచి ఎంత వెటకారమాడినా అండి అనకుండా ఒక్క మాట అనని మనిషి.

"నువ్వట్రా" అన్నారు. "ఇన్నేళ్ళూ నా కాళ్ళని నేను తిట్టుకున్నాన్రా."

గట్టిగా కూడా అనలేదు. కొడితే బాగుండుననిపించింది.

ఆ తరవాత జరిగినవి ముందే చెప్పేస్తాను. నా భార్య నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే గోనెపట్టా తనే లాగి అవతల పారేసి బండి బయటికి తీసింది. నన్ను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని నాకూ తెలిసింది. బావమరిది చాలాకాలం నాతో ముక్తసరిగా ఉండి, తరవాత మామూలుగా ఉన్నాడు. వాడు నాకన్నా మంచివాడు. కిందటి వేసవి దాకా మా మామగారే దారి గుచ్చారు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. మళ్ళీ పీట ఎక్కడ పెట్టారండీ అని అడగడం మొదలెట్టారు. కాని ఊళ్ళో ఎవరికీ ఆ కర్ర సంగతి చెప్పలేదు, ఇంట్లోవాళ్ళని చెప్పనివ్వలేదు. అల్లుడి పరువు పోతే కూతురు తలెత్తుకోలేదని ఆయన లెక్క. ఒక్కసారి తప్పిన కాళ్ళుగానే ఊళ్ళో మిగిలిపోయారు. రేవులో నేను విన్నది అదే. ఆయన అలా మిగలడానికి ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోను.

ఇక ఆ పొద్దున్న. ఆయన చెప్పులు విప్పేశారు. విప్పి పక్కన పెట్టలేదు, వదిలేశారు. ఒకటి బోర్లా పడింది. గట్టు దిగి ఇసుకలోకి నడిచారు. ఇన్నేళ్ళు చెప్పుల్లో ఉన్న కాళ్ళు, మొదటి అడుగులు ముళ్ళ మీద వేసినట్టు వేశారు. తరవాత వేగం వచ్చింది. కర్రకర్ర దగ్గరా ఆగి, పాదం ఆనించి, ముందుకి వెళుతున్నారు. మలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఎర్రగుడ్డ కర్ర పీకి, నాలుగు బారలు ఎడంగా వెళ్ళి గుచ్చారు. అక్కడినుంచి చెయ్యి ఊపారు. పిలిచింది మనవరాలిని కాదు, నన్ను.

నేను బూట్లు విప్పి నడిచాను. నా వెనక బళ్ళు మెల్లిగా, కర్రల్ని ఆనుకుని వచ్చాయి. ఒకదాని మీద బావమరిది, ఇంకోదాని మీద తల్లిని వెనక ఎక్కించుకుని మా అమ్మాయి. నేను దగ్గరికి వచ్చాక ఆయన కర్ర పీకేసిన పాతచోటు చూపించారు.

"అక్కడ నిలబడండి అల్లుడుగారూ."

నిలబడ్డాను. పైన పెళుసుగా ఉన్న పొర విరిగింది. పిక్కల దాకా దిగాను, కదిలితే మోకాళ్ళ దాకా వెళ్ళింది. చల్లగా ఉంది లోపల. ఆయన ఒక బార దూరంలో, గట్టినేల మీద, ఒట్టికాళ్ళతో నిలబడి ఉన్నారు. చెయ్యి ఇవ్వలేదు. జేబులోంచి ప్లగ్గు తీశారు. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉందన్నమాట. తువ్వాలు కొసతో తుడుచుకుంటూ, నా ముఖం చూడకుండా, ఇందాక నాతో అన్నది వీళ్ళ ముందు చెప్పండి అన్నారు.

చెప్పాను. తల దించుకుని, మెల్లిగా.

"వినపడలేదండి. బళ్ళ మోత."

చెయ్యి ఎత్తారు. ఒక్కొక్క బండీ ఆగింది. ఆఖర్న మా అమ్మాయిది. ఇసుక మీద గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు.

"మావయ్యగారూ" అన్నాను, లంక దాకా వినపడేట్టు. "ఆ రోజు కర్ర పీకింది నేనండి. తప్పుచోట గుచ్చింది నేనండి. మీ కాళ్ళు తప్పలేదండి. నన్ను క్షమించండి."